ఖాళీ కడుపున నట్టల మందు: పైసా ఖర్చు లేని జాగ్రత్త

(సంఘం ఆధ్వర్యంలో జరిగిన గొర్రెలు, మేకల పెంపకందార్ల సదస్సులో ఒక పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఇందాక భోజనాల దగ్గర ఒక పెద్దాయన నన్ను ఆపి అడిగాడు. "డాక్టర్ సారూ, వానలు పడంగనే మందకంతా నట్టల మందు తాపినం. ఇరవై దినాలు గాకముందే మల్ల పారుడు, మల్ల దవడ కింద నీళ్లు. గా సీసల ఉన్నది మందా, సున్నం నీళ్లా?"

పక్కన ఉన్నవాళ్లు నవ్వారు గానీ ఆయన నవ్వలేదు. నాలుగు పిల్లలు చచ్చిపోయాయట. అంగడిలో అమ్మితే ఆ పిల్లలే ఆయనకు పంట పెట్టుబడి.

నేను ఆయన్ని మూడు ప్రశ్నలు అడిగాను. "పెద్దయ్యా, ఏ మందు తాపినవు?" అంటే "తెల్లగుంటది, అదే" అన్నాడు. "ఎంత తాపినవు?" అంటే "అన్నిటికీ పది ఎమ్మెల్" అన్నాడు. "ఎప్పుడు తాపినవు?" అంటే "పగటీలి పదకొండు గంటలకు. మేసి నీళ్లకాడికి వస్తయి, అప్పుడైతే సులువుగా దొరుకుతయి" అన్నాడు.

ఆ సీసాలోది మంచి మందో, నకిలీదో ఇక్కడ నిలబడి నేను తేల్చలేను. కానీ మందు మంచిదే అయినా ఆ మూడు జవాబుల వల్ల కూడా అది సరిగా పని చేయకపోవచ్చు. వాటిలో మొదటి రెండింటి గురించి, అంటే మందు రకం గురించి, మోతాదు గురించి మన సమావేశాల్లో ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. మూడోదాని గురించి, అంటే మందు తాగే వేళకు జీవం కడుపులో ఏముందన్న దాని గురించి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఈ రోజు ముఖ్యంగా దాని గురించి మాట్లాడతాను.

మందు కడుపులోకి వెళ్లాక

గొర్రె, మేక, ఆవు, గేదె నెమరు వేసే జంతువులు. వాటికి నాలుగు గదుల పొట్ట ఉంటుంది. మొదటిది, అన్నిటికంటే పెద్దది, మేత నానే తొట్టి లాంటిది. నాలుగోది మన కడుపు లాంటి పులుపు పొట్ట. మన మందల్ని ఎక్కువగా పీల్చి చంపే నట్ట ఈ నాలుగో పొట్టలోనే కాపురం ఉంటుంది. ఒక్కొక్కటి రోజుకు సుమారు 0.05 మిల్లీలీటరు రక్తం పీల్చి, కార్చి వృథా చేస్తుంది. ఒక్క నట్టకు అది చిన్న లెక్కే. ఒక గొర్రెలో ఐదు వేల నట్టలుంటే రోజుకు పావు లీటరు రక్తం పోయినట్టు. దవడ కింద నీరు దిగడం, కన్ను పాలిపోవడం అందుకే.

మనం ఎక్కువగా వాడే తెల్ల మందులు అల్బెండజోల్, ఫెన్‌బెండజోల్. రెండూ ఒకే కుటుంబం. వాటిని నీళ్లలో వేస్తే ఉప్పులా కరగవు, పిండిలా తేలుతుంటాయి. సీసా ఊపకుండా పోస్తే అడుగున మందు, పైన నీళ్లు ఉండేది అందుకే. గొర్రెకు తాపినప్పుడు ఈ మందు నేరుగా నట్ట మీద పడి చంపుతుందని చాలామంది అనుకుంటారు. అసలు జరిగేది వేరు. మందు ముందు పెద్ద పొట్టలో మేత తునకలకు పట్టుకుని ఉంటుంది. అక్కడి నుంచి కొద్దికొద్దిగా కరిగి రక్తంలోకి వెళుతుంది. కార్జంలో మారి, పని చేసే రూపంలో మళ్లీ రక్తం ద్వారా పొట్ట గోడలకు, పేగులకు చేరుతుంది. అక్కడ నట్టకు తగులుతుంది.

ఈ కుటుంబం మందులు నట్టను ఒక్క దెబ్బకు చంపవు. నట్ట తిండిని, శక్తిని ఆపి మాడ్చి చంపుతాయి. కాబట్టి ఎంత మందు తగిలిందన్న దానితో పాటు ఎన్ని గంటలు తగిలిందన్నదీ ముఖ్యం. పెద్ద పొట్ట మందుకు గోదాము లాంటిది. సరుకు గోదాములో ఎంతసేపు నిలిస్తే, రక్తంలోకి అంత నిదానంగా, అంత ఎక్కువగా అందుతుంది.

ఇప్పుడు మేత సంగతి చూద్దాం. జీవం కడుపు నిండా మేసి ఉంటే, అందులోనూ తొలకరికి మొలిచిన లేత పచ్చిక మేసి ఉంటే, పెద్ద పొట్టలో మేత నిలవదు. కిందికి తొందరగా జారిపోతుంది. మేతతో పాటు దాన్ని పట్టుకున్న మందూ జారిపోతుంది. కరిగే లోపే చాలా భాగం పెంటికల్లో బయటికి పోతుంది. అదే ముందు రోజు సాయంత్రం నుంచి మేత ఆపితే పొట్టలో కదలిక నెమ్మదిస్తుంది, మందు ఎక్కువసేపు నిలుస్తుంది, రక్తంలోకి ఎక్కువ వెళుతుంది.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1990లలో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు గొర్రెలకు మేత తగ్గించి ఈ కుటుంబానికే చెందిన ఆక్స్‌ఫెండజోల్ ఇచ్చి చూశారు. మామూలుగా మేసిన గొర్రెల కంటే వాటి రక్తంలో మందు ఎక్కువగా, ఎక్కువసేపు నిలిచింది. మందుకు అలవాటుపడి మొండికేసిన నట్టలు కూడా వాటిలో మరిన్ని చచ్చాయి. అర్జెంటీనాలో పశువులను పస్తు ఉంచి అల్బెండజోల్ ఇచ్చి చూసినప్పుడూ మందు ఎక్కువగా ఒంటబట్టింది.

"పిల్లలకు అన్నం తిన్నాక ఇస్తారు కదా?"

ఈ మాట చెప్పినప్పుడల్లా ఎవరో ఒక అక్క లేచి అడుగుతుంది. "మా పిల్లలకు బళ్లో నులిపురుగుల గోలీ మధ్యాహ్న భోజనం తర్వాతే వేస్తారు కదా, మరి గొర్రెకెందుకు పస్తు?" అని. మంచి ప్రశ్న. 2015 నుంచి బడుల్లో వేస్తున్న ఆ గోలీ కూడా అల్బెండజోలే.

మనిషి కడుపు ఒక్కటే గది. నూనె, నెయ్యి ఉన్న భోజనం చేస్తే పైత్యరసం ఊరి, ఆ కొవ్వుతో పాటు మందు బాగా కరుగుతుంది. ఒంట్లోని పురుగు తిత్తులకు వైద్యం చేసేటప్పుడు డాక్టర్లు ఈ మందును భోజనంతో పాటు వేసుకోమనేది అందుకే. గొర్రె తినేది గడ్డి, దానికి ఉన్నది నాలుగు గదుల పొట్ట. అక్కడ మందును కరిగించేది కొవ్వు కాదు, నిలిచి ఉండే సమయం. మందు ఒకటే అయినా కడుపు వేరు, కాబట్టి పద్ధతి వేరు.

అన్ని మందులకూ ఒకటే లెక్కా?

కాదు. ఖాళీ కడుపు లాభం ఎక్కువగా కనిపించేది అల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ కుటుంబంతోనే. నోటి ద్వారా ఇచ్చే ఐవర్‌మెక్టిన్ కూడా మేత తునకలకు అంటుకుంటుంది కాబట్టి దానికీ కొంత లాభం ఉంటుంది. అదే ఐవర్‌మెక్టిన్‌ను చర్మం కింద సూదిగా ఇస్తే మేతతో పని లేదు.

లెవామిసోల్ నీళ్లలో ఇట్టే కరుగుతుంది, త్వరగా రక్తంలోకి వెళ్లిపోతుంది. దానికి పస్తు ఉంచినా, ఉంచకపోయినా పెద్ద తేడా ఉండదు. కానీ దాని మోతాదు కాస్త మించినా ప్రమాదమే. చొంగ కార్చి, వణికి పడిపోతాయి. జలగలకు, రక్తం పీల్చే నట్టలకు ఇచ్చే క్లోసంటెల్ మోతాదు మించితే చూపు పోయే ప్రమాదం ఉంది. కాబట్టి "ఖాళీ కడుపు మంచిదట, రెండింతలు పోస్తే ఇంకా మంచిది" అనే లెక్క ఎవరూ వేసుకోవద్దు.

ఎలా చేయాలి?

గొర్రెలు, మేకల విషయంలో ఇది మనకు కష్టమైన పనేమీ కాదు. సాయంత్రం ఎలాగూ మంద దొడ్డికి వస్తుంది. ఆ రాత్రి దొడ్డిలో కొమ్మలు, ఆకు, దాణా వేయకండి. నీళ్లు మాత్రం పెట్టండి. నీళ్లు ఆపమని నేను చెప్పడం లేదు, ఎండాకాలంలో అయితే అసలే ఆపకూడదు. తెల్లవారి మేతకు తోలక ముందే మందు తాపండి. సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు దాకా అంటే పన్నెండు గంటలు పస్తు ఉన్నట్టే. మందు తాపాక వెంటనే తోలకుండా ఇంకొన్ని గంటలు నీడలో ఆపగలిగితే మరీ మంచిది.

పాడి గేదెలు, ఆవుల్ని పూర్తిగా పస్తు పెట్టనక్కర్లేదు. ముందు రోజు సాయంత్రం పచ్చిగడ్డి, దాణా తగ్గించి కొద్దిగా వరిగడ్డి గానీ చొప్ప గానీ వేయండి. పొద్దున పాలు పిండి, మేత వేయక ముందే మందు ఇవ్వండి. మందు ఇచ్చాక పాలు ఎన్ని రోజులు అమ్మకూడదో సీసా మీద రాసి ఉంటుంది. అది పాటించండి. ఆ పాలు తాగేది మన పిల్లలే.

మందు నాలుక వెనక భాగం మీదికి, నెమ్మదిగా పోయండి. పాలు తాగే పిల్లల్లో పాలు పెద్ద పొట్టకు వెళ్లకుండా నేరుగా నాలుగో పొట్టకు పోవడానికి ఒక కాలువ ఉంటుంది. నోటి ముందు భాగంలో మందు పోస్తే పెద్ద జీవాల్లో కూడా ఒక్కోసారి ఆ కాలువ మూసుకుని, మందు గోదాము దాటి నేరుగా కిందికి పోతుంది. అలాగే తలను ఆకాశం వైపు ఎత్తి గబగబా పోయకండి. మందు ఊపిరితిత్తుల్లోకి పోతే జ్వరం, దగ్గు వచ్చి చస్తుంది. అప్పుడు మనం మందు విషమైందని అనుకుంటాం.

దాణాలో కలిపి పెట్టడం మందకు పనికిరాదు. బలంగా ఉన్న పొట్టేలు తోసుకుని రెండింతలు తింటుంది. నట్టలతో నీరసించిన గొర్రెకు మిగిలేది తొట్టి అడుగు.

వేటిని పస్తు ఉంచకూడదు?

ఈ మాట మాత్రం ఇంటికి వెళ్లాక కూడా గుర్తుంచుకోండి. ఈనడానికి దగ్గరపడ్డ చూడి గొర్రెల్ని, చూడి మేకల్ని, అందులోనూ కవల పిల్లలున్న వాటిని పస్తు పెట్టకండి. కడుపులో పిల్లలు ఆకలికి తల్లి ఒంట్లోని కొవ్వు కరిగి, తల్లి లేవలేక పడిపోతుంది. పాలు తాగే పిల్లల్ని, రోగంతో ఉన్నవాటిని, బక్కచిక్కి నడవలేని వాటిని కూడా పస్తు పెట్టకండి. వీటికి ఏం చేయాలో పశువైద్యుణ్ని అడిగి చేయండి.

గొర్రెలు, మేకలు చూడి కట్టిన మొదటి నెలలో అల్బెండజోల్ వద్దు. కడుపులోని పిల్ల అవకరంగా పుట్టవచ్చు. ఆవు, గేదెలకైతే చూడి కట్టిన మొదటి నెలన్నర వద్దు.

ఇంకో జాగ్రత్త. పస్తు విడిచిన మంద ఆకలిగా ఉంటుంది. దాన్ని నేరుగా కోసిన జొన్న చేలోకి తోలితే పిలకలు తిని నాము తగిలి చస్తాయి. లేత పచ్చిక మీదికి ఒక్కసారిగా వదిలితే చిటుక రోగం భయం ఉంది. గింజలు, దాణా ఎక్కువ పెడితే కడుపు పులిసిపోతుంది. యూరియా కలిపిన గడ్డి గానీ, నాకే దిమ్మె గానీ ఆకలి మీద అసలు పెట్టకూడదు. ముందు ఎండు మేత కొద్దిగా వేసి, తర్వాత అలవాటైన బీడులోకి తోలండి.

తూకం లేకపోతే పస్తు కూడా వృథా

ఇప్పుడు పెద్దాయన చెప్పిన పది ఎమ్మెల్ సంగతి. అల్బెండజోల్ రెండున్నర శాతం మందు ఉందనుకోండి. ఒక మిల్లీలీటరులో 25 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. కిలో బరువుకు ఏడున్నర మిల్లీగ్రాములు ఇవ్వాలని సీసా మీద ఉంటే, 30 కిలోల గొర్రెకు 9 మిల్లీలీటర్లు సరిపోతుంది. 45 కిలోల పొట్టేలుకు పదమూడున్నర కావాలి. దానికి పదే పోస్తే పావు వంతు తగ్గినట్టు. ఆ తక్కువ మోతాదును తట్టుకుని బతికిన నట్టలే తర్వాత మందంతా పాకుతాయి.

అంగడిలో పది శాతం మందు కూడా దొరుకుతుంది. దానికి ఇదే కొలత వేస్తే నాలుగింతలు పోసినట్టు. అందుకే సీసా మీద శాతం చదవందే మూత తీయకండి. మందను బరువును బట్టి రెండు మూడు గుంపులుగా విడగొట్టి, ప్రతి గుంపులో అన్నిటికంటే బరువైనదాన్ని తూచి ఆ లెక్కన పోయండి.

మేకల విషయం కొంచెం వేరు. మేక కార్జం ఈ తెల్ల మందును గొర్రె కంటే తొందరగా విరగ్గొట్టి బయటికి పంపేస్తుంది. కాబట్టి గొర్రె మోతాదు మేకకు చాలదు. ఎంత పెంచాలో మందును బట్టి ఉంటుంది, పశువైద్యుణ్ని అడిగి రాయించుకోండి. లెవామిసోల్ లాంటి మందుల్లో సొంత లెక్కలు ప్రాణం మీదికి తెస్తాయి.

పస్తు పెడితే అన్నీ సరిపోతాయా?

సరిపోవు. మన దేశంలో చాలాచోట్ల గొర్రెల్లో రక్తం పీల్చే నట్ట తెల్ల మందులకు మొండికేసిందని ఎప్పుడో తేలింది. ఏళ్ల తరబడి ఒకే మందు, తక్కువ మోతాదులో, కడుపు నిండిన వేళ ఇస్తూ వచ్చిన దానిలో మన పాత్ర కూడా ఉంది. నట్ట సగం మొండికేసిన చోట ఖాళీ కడుపు పద్ధతి కొంత ఆసరా అవుతుంది. పూర్తిగా మొండికేసిన చోట ఎంత పస్తు పెట్టినా లాభం లేదు, మందు కుటుంబమే మార్చాలి.

మరి మన మంద ఏ స్థితిలో ఉందో తెలిసేదెలా? పెంటికల పరీక్ష ఒక్కటే దారి. మందు తాపే రోజు పది జీవాల పెంటికలు విడివిడిగా తీసి పశువైద్యశాలకు ఇవ్వండి. పది నుంచి పద్నాలుగు రోజుల తర్వాత అవే జీవాలవి మళ్లీ ఇవ్వండి. గుడ్ల లెక్క ఎంత తగ్గిందో చూస్తారు. ఉదాహరణకు ముందు సగటున 600 ఉండి, తర్వాత 30కి దిగితే 95 శాతం తగ్గినట్టు. అంతకంటే తక్కువ తగ్గితే అనుమానించాలి. మోతాదు, పస్తు సరిగా చేసి కూడా లెక్క తగ్గకపోతే అప్పుడు మందు మీద గానీ, నట్ట మొండితనం మీద గానీ వేలు చూపవచ్చు. ఆ కాగితం చేతిలో ఉంటే దుకాణం దగ్గరైనా, ఆఫీసులోనైనా మన మాటకు బలం ఉంటుంది.

ప్రతి రెండు నెలలకూ మందంతటికీ తాపడం కూడా మంచిది కాదు. దక్షిణాఫ్రికాలో తయారైన ఐదు రంగుల పట్టీ ఒకటుంది. గొర్రె కింది కనురెప్ప తిప్పి లోపలి రంగును ఆ పట్టీతో పోల్చి, పాలిపోయిన వాటికే మందు ఇస్తారు. రక్తం పీల్చే నట్టకే ఈ లెక్క పనికొస్తుంది. పట్టీ లేకపోయినా వారానికోసారి కనురెప్ప తిప్పి చూసే అలవాటు చేసుకోండి.

పస్తు ఒక్క రాత్రికే. మిగతా రోజుల్లో మేత బాగుంటేనే జీవం నట్టలను తట్టుకుంటుంది. ఈనిన గొర్రెలకు, ఎదిగే పిల్లలకు గుప్పెడు వేరుశనగ చెక్క గానీ, అవిసె, సుబాబుల్ ఆకు గానీ అందితే పోయిన రక్తాన్ని కూడగట్టుకునే శక్తి వస్తుంది.

సంఘం అడగాల్సినవి

ఇక మన సంఘం పని. ఊళ్లలో ఉచితంగా నట్టల మందు తాపే కార్యక్రమాలు జరుగుతాయి. మంచిదే. కానీ సిబ్బంది వచ్చేది ఎండెక్కాక, అప్పటికి మంద మేసి ఉంటుంది. తూకం ఉండదు, సిరంజిలో ఒకే కొలత. తప్పు ఆ సిబ్బందిది అని నేను అనను. పది ఊళ్లకు ఒకరిద్దరు ఉంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? అందుకే పద్ధతి మార్చమని అడగాలి.

ఒకటి, మందు తాపే తేదీని రెండు రోజుల ముందు ఊళ్లో చాటించాలి. మంద మేతకు వెళ్లక ముందే తెల్లవారుజామున పని మొదలుపెట్టాలి. రెండు, ఊరికో వేలాడే తూకం, జీవాన్ని వేలాడదీసే గుడ్డ ఇవ్వాలి. అప్పటిదాకా సంఘమే ఒకటి కొని తిప్పుకోవచ్చు. మూడు, మందుకు ముందూ తర్వాతా పెంటికల పరీక్ష మండల స్థాయిలోనే జరగాలి. నాలుగు, ఫలితాన్ని బట్టి మందు కుటుంబం మార్చాలి. ప్రతి ఏడూ టెండరులో చవగ్గా దొరికిన అదే మందు వద్దు. ఐదు, మోతాదు పట్టిక తెలుగులో, కిలోల లెక్కన దొడ్డి గోడకు అంటించుకునేలా ఇవ్వాలి.

ఈ ఐదూ సాధించుకోవడానికి సమయం పడుతుంది. వినతిపత్రాలు ఇవ్వాలి, తిరగాలి, అవసరమైతే కూర్చోవాలి. కానీ రాత్రి దొడ్డిలో మేత ఆపి, పొద్దున తూచి, నాలుక వెనక మందు పోయడానికి ఎవరి ఆర్డరూ అక్కర్లేదు. వచ్చే విడతకే మొదలుపెట్టండి. ఊరికి ఒకరు పెంటికల పరీక్ష చేయించి ఆ కాగితాలు సంఘానికి పంపండి. పది ఊళ్ల కాగితాలు చేరితే మన కోర్కెల పత్రం వెనక ఆధారం ఉంటుంది.

పెద్దయ్యా, మీరు ముందు వరసలో కూర్చున్నారు, చూస్తున్నాను. మీ దొడ్డికి నేనే వస్తాను. ముందు రోజు సాయంత్రం ఒక ఫోన్ చేయండి, ఆ రాత్రి మాత్రం కొమ్మ వేయకండి.